పెదవి దాటిన ప్రార్థన

పోయిన వారం ముసలావిడని గేటు బయటే నిలబెట్టి వచ్చేశాం. పెద్దావిడని వారం రోజులు నిలబెట్టడం మర్యాద కాదు కాబట్టి ముందు లోపలికి పిలిచి కూర్చోబెడదాం. ఆవిడ చెప్పులు విప్పుకుని వచ్చేలోగా జరిగిన సంగతులు ఒకసారి తలుచుకోవచ్చు.

మన నర్సు పెద్దాసుపత్రిలో ఉద్యోగానికి సెలవు పెట్టి, సముద్రం దాటి, పేదపిల్లల కోసం మిషన్ వాళ్ళు నడుపుతున్న ఈ ఇంటికి సేవకని వచ్చింది. పిల్లలకి ఇక్కడ పొద్దున్నే ఇంత తిండి, ఆ తర్వాత చదువు. చెవిపోటుకి చుక్కలూ, తలలో పేలకి మందూ నర్సు వంతు. ఆ పిల్లల్లో ఒక పాపకి పుట్టుకతోనే నుదుటి పైన ఒక పాయ తెల్లగా వంకర తిరిగి ఉంటుంది. అందుకే దాన్ని అందరూ నెలవంక అంటారు. తల్లి కూడా ఇక్కడే, కుట్టుగదిలో. కొట్టి చంపేలా ఉన్న మొగుడి నుంచి బిడ్డని చంకనేసుకుని పారిపోయి వచ్చిన మనిషి. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఈ ఇంటిని ఏళ్ళ తరబడి నడుపుతున్న పెద్దక్క, రెండోది నర్సు. అలా అనే అనుకున్నారు, గేటు దగ్గరికి ముసలావిడ వచ్చి, "తెల్లపాయ పాప ఇక్కడే ఉంది కదూ? నేను దాని నాయనమ్మని" అనేదాకా.

ఇక లోపలికి పదండి.

వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే గది అంటే పెద్ద గదేమీ కాదు. ఒక పక్క పిల్లల బరువు చూసే యంత్రం, ఇంకో పక్క కళ్ళు లేని బొమ్మలున్న బుట్ట, మధ్యలో ఎవరో దానమిచ్చిన సోఫా. ఆ సోఫాలో కూర్చున్నవాళ్ళు లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. ముసలావిడ మాత్రం దాని అంచు మీద కూర్చుంది. ఒళ్ళో పసుపురంగు ఊలు స్వెట్టరు. చేత్తో అల్లింది, చిన్నపిల్లల కొలత.

"మీరు పొరబడ్డారమ్మా. అలాంటి పాప ఎవరూ మా దగ్గర లేరు," అంది పెద్దక్క.

అబద్ధమాడకూడదని ప్రతి ఆదివారం పిల్లల చేత వల్లె వేయించే మనిషి ఇంత శుభ్రంగా అబద్ధమాడుతుంటే నర్సుకి మరో రోజైతే నవ్వొచ్చేది. ఇవాళ రాలేదు. ఆమె తలుపు పక్కన నిలబడింది, బరువు యంత్రం మీద చెయ్యి వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. ముల్లు అటూ ఇటూ ఊగుతోంది.

ముసలావిడ కోప్పడలేదు. "మీరు అలాగే అంటారని తెలుసమ్మా. మీ జాగ్రత్త మీది. కానీ నేను వెతుక్కుంటూ రాలేదు. ప్రభువే చూపించాడు."

"ప్రభువు చూపించాడా?"

"మా చర్చిలో. పోయిన ఆదివారం ప్రార్థన అంశాలు చెప్పేటప్పుడు పాస్టరు గారు ఒక పాప గురించి చదివారు. పేదపిల్లల ఇంట్లో ఉంటుందట. నుదుటి పైన నెలవంకలాంటి తెల్లపాయట. తలుపు ఎవరైనా గట్టిగా వేస్తే బల్ల కింద దూరుతుందట. తల్లి కుట్టుపని చేస్తుందట, సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా తలుపు వైపే చూస్తుందట. ప్రభువా, తలుపు వైపు చూడక్కర్లేని రోజు ఆ తల్లికి ఇవ్వు అని ప్రార్థన." ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. "ఎంత బాగా చెప్పారో. అది నా మనవరాలని నాకు తెలిసిపోయింది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే."

నర్సు చెయ్యి బరువు యంత్రం మీద అలాగే ఉండిపోయింది.

తలుపు వైపు చూడక్కర్లేని రోజు. ఆ మాట నర్సుది. మందుల అలమర తుడుస్తూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కి పెట్టుకుని, అత్తగారికి పంపిన వాయిస్ మెసేజిలో అన్న మాట. అనగానే తనకే బాగుందనిపించి, ఇంకోసారి నెమ్మదిగా అంది కూడా. అత్తగారు తమ చర్చిలో స్త్రీల ప్రార్థన గుంపుకి పెద్ద. ప్రతి వారం కోడలి నుంచి అంశాలు రావాల్సిందే. "పిల్లల కోసం ప్రార్థించండి అంటే సరిపోదమ్మాయ్, మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళకి మొహం కనపడాలి" అని ఆవిడ ఏనాటి నుంచో చెప్పే మాట. సరే, నర్సు మొహం కనపడేలా చెప్పింది. పేరు చెప్పలేదు. పేరు చెప్పనందుకు తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

చదివేవాళ్ళకి ఆమె మీద కోపం రావచ్చు. రాస్తున్న నాకే వచ్చింది. కానీ దేవుడికి చెప్పుకుంటే ఒకరికి చెప్పినట్టని అలాంటి భక్తిగల ఇళ్ళలో పెరిగినవాళ్ళెవరూ అనుకోరు.

"తెల్లపాయలు లోకంలో చాలామందికి ఉంటాయమ్మా," అంటోంది పెద్దక్క.

"ఉంటాయి. కానీ కుట్టుగది ఉన్న పిల్లల ఇల్లు, పరాయి దేశం నుంచి వచ్చిన నర్సు ఉన్న ఇల్లు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు కదమ్మా." ముసలావిడ నర్సు వైపు చూసి నవ్వింది. మంచి నవ్వే. అదే నర్సుని మరీ కుంగదీసింది. "మొగుడూ పెళ్ళాలన్నాక వెయ్యి ఉంటాయి. నేను పడలేదా? బిడ్డ ఇంటి బిడ్డ. ఒక్కసారి చూసి, ఈ స్వెట్టరు తొడిగి వెళ్తాను. అంతే."

పెద్దక్క తలూపి, టీ తెమ్మని చెప్పే మనిషిలా చల్లగా నర్సు వైపు తిరిగి తెలుగులోకి దిగింది. ఆ ఇంట్లో తెలుగు వాళ్ళిద్దరికే తెలుసు.

"మొహం అలా పెట్టకు, ఆవిడ చూస్తోంది. నవ్వు. వెనక గుమ్మంలోంచి తల్లినీ పిల్లనీ వ్యాను ఎక్కించు. మన రెండో ఇంటికి పంపాలి. వచ్చే వారం అనుకున్నాం, ఇప్పుడే కానిద్దాం. డ్రైవరుకి దారి తెలుసు. ఈవిడని నేను కూర్చోబెడతాను."

"అక్కా, ఒక మాట..."

"ఏ మాటైనా తర్వాత. ఈ సంగతి ఊదినవాళ్ళెవరో కూడా తర్వాత చూద్దాం. తెలిసిందా, సూదీ దారం నేనే తెచ్చి ఆ నోరు కుట్టేస్తాను. వెళ్ళు."

నర్సు వెళ్ళింది. చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే వెళ్ళింది. 

కుట్టుగదిలో మిషన్లన్నీ ఖాళీగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. నెలవంక తల్లి పిల్లల చొక్కాలకి కాలర్లు కుడుతోంది. నర్సు గుమ్మంలో అడుగు పెట్టడమే ఆలస్యం, కుట్టు ఆగిపోయింది. ఆమెకి చెప్పక్కర్లేకపోయింది. పారిపోవడం అలవాటైనవాళ్ళు ఎదుటి మొహం చూసే మూట కట్టుకుంటారు.

"వాడేనా?"

"కాదు. వాళ్ళమ్మ. ఒక్కతే వచ్చింది. వెనక నుంచి వెళ్దాం, వ్యాను సిద్ధంగా ఉంది."

బల్ల కింద గుడ్డముక్కలతో బొమ్మకి లంగా చుడుతున్న పాప తలెత్తింది. "సిస్టర్! మళ్ళీ పేలు చూస్తావా?"

"లేదమ్మా. ఇవాళ వ్యానులో షికారు."

"బొమ్మని కూడా తేవచ్చా?"

"తెచ్చుకో."

తల్లి అప్పటికే అరలోంచి బట్టలు లాగి సంచిలో కుక్కుతోంది. అట్టడుగు నుంచి ఒక చిన్న డబ్బా తీసింది. బూటు పాలిష్. మూత రాలేదు. గోరు విరిగింది. పళ్ళతో లాగింది. పాపని రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, వేలితో ఆ నల్లరంగు తీసి తెల్లపాయ మీద పులమడం మొదలుపెట్టింది. తొందరలో సగం రంగు పాప నుదుటికి అంటింది.

నర్సు రుమాలు తీసి నుదురు తుడవబోయింది.

"ముట్టుకోకు," అంది తల్లి. అరవలేదు. "మేము వచ్చిన రోజు నేను రంగు వేసే తెచ్చాను. పేల మందు పెట్టేటప్పుడు నువ్వే కడిగేశావు. బూటు పాలిష్ చర్మానికి మంచిది కాదన్నావు. ఎంత ముద్దుగా ఉందో అని అందరినీ పిలిచి చూపించావు. నెలవంక అని పేరు పెట్టింది కూడా నువ్వే."

"నాకప్పుడు తెలియదు..."

"నాకు తెలుసు. కానీ నువ్వు నర్సువి, చదువుకున్నదానివి, నీ మాట వినాలనిపించింది. ఇక్కడ దాచుకోనక్కర్లేదేమో అనుకున్నా." ఆమె మూత బిగించి డబ్బా సంచిలో వేసుకుంది. "ఎవరు చెప్పారు సిస్టర్, ఆవిడకి?"

ఇదీ చోటు. చెప్పాల్సింది ఇక్కడే. నర్సుకి అది తెలుసు. నోరు తెరిచింది కూడా.

"ఇప్పుడది కాదు. ముందు బండి ఎక్కండి," అంది.

వెనక గుమ్మం దగ్గర డ్రైవరు వ్యాను తలుపు తీసి ఉంచాడు. చొక్కాల మూటల మధ్య తల్లీ బిడ్డలకి చోటు చేశాడు. ఎక్కేముందు పాప నర్సు కొంగు పట్టుకుని, "నువ్వు రావా?" అంది. తర్వాత వస్తానంది నర్సు. పిల్లలకి చెప్పే తర్వాతలు ఎలాంటివో పాపకి బాగానే తెలుసనుకుంటా, ఇంకేం అడగలేదు. డ్రైవరు తాళాల కోసం లోపలికి వెళ్ళాడు.

నర్సు కాళ్ళు నిలవడం లేదు. మెట్టు ఎక్కింది, దిగింది. పంపేస్తున్నాం కదా, గండం గడిచినట్టే కదా అని మనసుకి నచ్చజెప్పుకుంటోంది. అయినా ఏదో గుచ్చుతోంది. తను పంపింది ఒక్క అత్తగారికి. అది ఈ దేశంలో, ఈ ఊరి పాస్టరు నోట్లోకి ఎలా వచ్చింది? ఆవిడ ఎవరికి పంపింది? ఎంత పంపింది? ఫోను తీసింది.

అత్తగారు మొదటి గంటకే ఎత్తారు. "వందనాలమ్మాయ్! నూరేళ్ళు నీకు. ఇప్పుడే నీ మాటే అనుకుంటున్నాం. ఉండు, స్పీకరు పెడతాను, మన గుంపు వాళ్ళంతా ఇక్కడే ఉన్నారు."

"స్పీకరు వద్దత్తయ్యా. నేను పంపిన అంశం ఎవరెవరికి పంపారు?"

"ఎవరికి పంపలేదో అడుగు, తొందరగా తెముల్తుంది." వెనక ఎవరో నవ్వారు. "మన గుంపులో పెట్టానా, పెట్టగానే అందరూ ఒకటే ఏడుపు. పాస్టరమ్మగారైతే రెండుసార్లు విన్నారు. ఇంత మంచి ప్రార్థన భారం నాలుగు గోడల మధ్య ఎందుకమ్మా అని ఆవిడే మిషన్ పెద్ద గ్రూపులో పెట్టించారు. అక్కడ మీవైపు వాళ్ళు కూడా ఉంటారట కదా. వాళ్ళలో మన భాష వచ్చినావిడెవరో తమ మాటల్లోకి మార్చి అక్కడి సంఘాలన్నిటికీ పంపిందట! ఎక్కడి మాట ఎక్కడికి వెళ్ళిందో చూడు. దేవుడి కార్యం కాకపోతే ఏమిటి?"

డ్రైవరు తాళాలు వేలికి తిప్పుకుంటూ వచ్చి బండెక్కాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది.

"అత్తయ్యా, ఏమేం పంపారు? పాప గురించి ఒక్కటేనా?"

"ఒక్కటేమిటి, మొత్తం. నేనేమైనా కత్తిరిస్తానా? పాప సంగతి, తల్లి సంగతి, చివర్న ప్రయాణం సంగతి."

"ప్రయాణమా?"

"అదేమిటమ్మాయ్, నువ్వు చెప్పిందే నువ్వు మర్చిపోతే ఎలా? ఉండు, నాకు కంఠతా వచ్చు. 'వీళ్ళని త్వరలో పాత పంచదార మిల్లు వెనకున్న మా రెండో ఇంటికి మారుస్తున్నాం, ప్రయాణం క్షేమంగా జరగాలని ప్రార్థించండి' అన్నావు కదా. మంచి పని చేశావు. ప్రయాణానికి ప్రార్థన లేకుండా మన ఇంట్లో ఎవరైనా గడప దాటారా?"

దాటలేదు. పక్క వీధిలో కూరగాయలకి వెళ్ళినా ఆ ఇంట్లో తల వంచి ప్రార్థించాకే చెప్పులు వేసుకుంటారు. పెళ్ళయినప్పటి నుంచీ నర్సు అలాగే వేసుకుంది. ఆ రోజు అలమర తుడవడం పూర్తయింది, మెసేజి ముగించాలి, ముగింపులో ప్రయాణం గురించి చెప్పడం అలవాటు. నోరు దానంతటదే చెప్పేసింది. రెండో ఇంటి సంగతి నీ కడుపులోనే ఉంచుకో అని పెద్దక్క చెప్పింది ఆ పూటే. నర్సు కడుపులోనే ఉంచుకుంది, దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదనుకుంది.

"అమ్మాయ్? ఉన్నావా? వాళ్ళు బయల్దేరారా, ఇంకా లేదా? చెప్తే ఇప్పుడే మోకాళ్ళేస్తాం."

నర్సు ఫోను కట్టేయకుండానే పరుగెత్తింది. "ఆపు! ఆపవయ్యా!" ఆ డ్రైవరుకి తెలుగు రాదని అరిచాక గుర్తొచ్చింది. వాళ్ళ భాషలో మాట తట్టి అరిచేసరికి వ్యాను సందు దాటి మలుపు తిరిగింది. వెనక అద్దంలోంచి పాప చేతిలోని బొమ్మ ఒక్కటే కనపడింది. మలుపు దాకా పరుగెత్తింది. అక్కడ రెండు దారులున్నాయి, రెండిట్లోనూ బండ్లే.

తిరిగి వచ్చేటప్పుడు నడవలేదు, పరుగే. నడవాలో పిల్లలు కింద ఆరబెట్టిన బొమ్మల కాగితాలు తొక్కింది. తలుపు తోసిన విసురుకి బరువు యంత్రం అదిరింది. పెద్దక్క టీ పోస్తోంది. ముసలావిడ ఏదో తన అల్లిక గురించి చెబుతోంది.

"అక్కా, నేనే." తెలుగులోనే అంది. ఊపిరందడం లేదు. "ఊదింది నేను. ప్రార్థన అంశమని మా అత్తగారికి పంపాను. పాప గురించి, తల్లి గురించి. రెండో ఇంటి గురించి కూడా చెప్పాను. పంచదార మిల్లు వెనక అని చెప్పాను. అది మొత్తం వీళ్ళ చర్చిలో చదివారు."

పెద్దక్క టీ కూజా కింద పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది.

"రెండో ఇల్లు కూడానా?"

"దేవుడికి చెప్పాననుకున్నానక్కా. దేవుడికే."

"పెదవి దాటితే పృథివి దాటుతుందని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా?" పెద్దక్క గొంతు పెరగలేదు. ముసలావిడ వింటోందని కాబోలు, పెదాల మీద నవ్వు కూడా చెరగలేదు. కళ్ళు మాత్రం నవ్వడం లేదు. "ఈ గదిలోంచి వెళ్ళేముందు ఒక మాట అన్నావు, అదేనా?"

"అదే."

"అప్పుడే చెప్పుంటే బండి కదిలేది కాదు."

నర్సు ఏడ్చింది. తప్పు చేసినందుకు కాదు, ఆ మాట నిజమైనందుకు. సూదీ దారం అన్న మాటకి భయపడి, ఒక ముసలావిడ ముందూ ఒక పెద్దక్క ముందూ పరువు పోతుందని భయపడి, తల్లీ బిడ్డల్ని తన చేతులతో బండెక్కించింది. కుట్టుగదిలో ఆ తల్లి అడిగినప్పుడు చెప్పినా సరిపోయేది.

పెద్దక్క డ్రైవరుకి ఫోను కలిపింది. మోగుతోంది. ఆగింది. మళ్ళీ కలిపింది. బండిలో పిల్లలుండగా ఫోను ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని అతనికి చెప్పింది పెద్దక్కే. నిక్కచ్చి మనిషి, మిల్లు దాకా ముట్టుకోడు.

"రెండో ఇంటివాళ్ళకి కలుపుతాను. గేటు వేసేయమంటాను," అంది. నంబరు ఒకసారి తప్పు నొక్కి మళ్ళీ మొదలుపెట్టింది.

ఇంతసేపూ ముసలావిడ ఒకసారి ఈమెనీ ఒకసారి ఆమెనీ చూస్తూ కూర్చుంది. తెలుగు ఒక్క ముక్క అర్థమై ఉండదు. అడ్డం రావడం ఇష్టం లేని మనిషిలా కాసేపు ఆగి, మెల్లిగా అడిగింది.

"ఇందాక వెనక బండి చప్పుడైంది. వెళ్ళిపోయినట్టేనా?"

పెద్దక్క ఫోను చెవికి ఆనించుకుంది.

"అయితే నేను లేస్తానమ్మా. బండి వెళ్ళేదాకా కూర్చోమన్నాడు మా వాడు."

సోఫా అంచు మీద ఎందుకు కూర్చుందో అప్పుడు తెలిసింది. ఎవరూ చెయ్యివ్వకుండానే లేచింది. టీకి థాంక్సు చెప్పింది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటుంటే, పెద్దక్క ఆవిడ చేతిలోని పసుపు స్వెట్టరు వైపే చూస్తోందని గమనించి, దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇది ఇక్కడెందుకమ్మా, మీకు లేనిపోని శ్రమ," అంది. "అక్కడ నేనే తొడుగుతాలే."